నా హ్యాండిల్ నేనే తెచ్చుకున్నాను

ఉద్యోగ పరీక్షకు పెన్ను తీసుకెళ్లేవాళ్లను చూశాను. సర్టిఫికెట్లు చంకన పెట్టుకెళ్లేవాళ్లను చూశాను. బొట్టు పెట్టించుకుని, పెరుగన్నం తిని బయల్దేరేవాళ్లనూ చూశాను. మోటార్ సైకిల్ హ్యాండిల్ విప్పి, గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కినవాణ్ని మాత్రం అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ మహానుభావుడి పుణ్యమా అని జగిత్యాలలో ఒక షామియానా కూలింది, ఒక కంపెనీ సారు చాయ్‌తో స్నానం చేశాడు, పొట్ట చేత పట్టుకుని వచ్చి వరుసలో నిలబడ్డ మగవాళ్లంతా నా ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకున్నారు. దాచుకోకుండా మొత్తం చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

మాది కోరుట్ల పక్కన ఒక పల్లె. తాత, నాన్న, నేను అందరం తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లమే. వానలు వరసగా మొహం చాటేసిన కాలం అది. బావులెండాయి, బోర్లెండాయి, చివరికి తాటిచెట్లు కూడా మా మీద అలిగాయి. సాయంత్రం చెట్టుకు లొట్టి, అంటే కల్లుకుండ, కట్టి వచ్చి పొద్దున ఎక్కి చూస్తే అడుగున తడి తప్ప చుక్క ఉండేది కాదు. వయసులో ఉన్న మగవాడు ఊళ్లో కనిపిస్తే "బాగున్నవా?" అనడం మానేసి "ఏంది, ఇంకా వీసా రాలేదా?" అని పలకరించేవారు. మా ఇల్లు గడిచేది నా భార్య పద్మ చుట్టే బీడీల మీదే. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే నేను ఎదురుగా కూర్చుని దుబాయి గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ని.

"చెట్టు దిగినవ్ సరే," అనేది పద్మ తలెత్తకుండానే. "నేల మీదికి ఎప్పుడస్తవ్?"

అప్పుడొచ్చింది కబురు. దుబాయిలో ఇంటింటికీ అన్నం పొట్లాలు చేరవేసే కంపెనీకి బైక్ రైడర్లు కావాలట. కాంక్రీటు మోసే పని కాదు, ఎండలో ఇనుము వంచే పని కాదు, దర్జాగా బండి మీద కూర్చునే పని! జగిత్యాలలో ట్రేడ్ టెస్టు పెడతారు, కంపెనీ సారు కళ్ల ముందు బండి నడిపి చూపించాలి, అంతే. అది దక్కకపోతే మిగిలేది లేబర్ వీసా. ఆ వీసా మీద పోయినవాళ్లు సెలవుకు వచ్చినప్పుడు వాళ్ల వీపులు చూసినవాణ్ని. అందుకే ఈ నౌకరి నాకు కావాలి.

నాకు బండి ఉంది. నడపడం వచ్చు. ఒక్కటే చిక్కు, నా చేతులు.

చెట్టెక్కేవాడికి తెలిసిన పట్టు ఒక్కటే. చెట్టు గుండెకు ఆనాలి, మోచేతులు డొక్కలకు ఆనాలి, భయమేస్తే ఇంకా గట్టిగా హత్తుకోవాలి. నేను బండిని కూడా అట్లాగే పట్టేవాణ్ని. కానీ ఆ హ్యాండిల్ ఎక్కడో ముందర, చేతులు బారజాపితే తప్ప అందనంత దూరంలో ఉండేది. దాన్ని పట్టుకుని పిసికి పిసికి, కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయేలోపు చేతులు తిమ్మిరెక్కేవి, మెడ బిగుసుకుపోయేది. దిగాక నా వేళ్లు విప్పడానికి పక్కవాడి సాయం కావాల్సి వచ్చేది.

కోరుట్లలో మా మెకానిక్ రఫీక్ భాయ్. మా నాన్న కాలం నుంచీ మా ఇంటి సైకిళ్లకూ బండ్లకూ ఆయనే వైద్యుడు.

"హ్యాండిల్‌ను పిట్టను పట్టినట్టు పట్టాలెరా," అన్నాడు. "గట్టిగ పడితె పిట్ట చస్తది. ఇడిసిపెడితె ఎగిరిపోతది."

"పిట్టను పట్టినట్టు చెట్టును పడితే నేనే ఎగిరిపోత భాయ్."

"అరె, ఇది చెట్టు కాదు, బండి!"

"నా చేతులకు గా ముచ్చట ఎవలు చెప్పాలె?"

ఆయన నా చేతుల వైపు చూశాడు, నిట్టూర్చాడు, పాత సామానులో వెతికి ఎత్తుగా ఉండే ఒక హ్యాండిల్ తీశాడు. దాన్ని పైపులో దూర్చి వెనక్కి వంచాడు. బిగించాక చూస్తే బండికి కోడె కొమ్ములు మొలిచినట్టుంది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆహా! మోచేతులు డొక్కల పక్కన ఒదిగాయి. పిడికిళ్లు గుండె దగ్గరికొచ్చాయి. చెట్టును కౌగిలించుకున్నంత సుఖం.

"ఒక్క మాట యాదికుంచుకో," అన్నాడు రఫీక్ భాయ్. "హ్యాండిల్ ఎత్తయింది, ఎనకకచ్చింది. పాత వైర్లు దీనికి కురచైతయి. మలిపినప్పుడు యాక్సిలేటర్ వైరు గుంజుకోని రేస్ దానంతటదే పెరుగుతది. అందుకే పొడుగు వైర్లు ఏసిన."

"సరే భాయ్," అన్నాను. ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశానని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఆ బండి మీద రాజులా తిరిగాను. ఊళ్లో నవ్వారు. నవ్వనీ, నా చేతులకు తిమ్మిరి లేదు. ఇంతలో వీసా ఏజెంటు ఫోన్ చేశాడు.

"రేపు గ్రౌండుకు రా. నీ బండి తేవద్దు. అందరికి ఒకటే బండి, కంపెనీ సారు చూపించిన బండే తోలాలె."

పరాయి బండి! పరాయి హ్యాండిల్!

ఇక్కడ మా పనిలో ఒక నియమం గురించి చెప్పాలి. మోకు అంటే నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. పరాయివాడి మోకుతో మేం చెట్టెక్కం. అన్నదమ్ములైనా సరే, ఎవరి మోకు వాళ్లదే. అది వాడి నడుముకు, వాడి బరువుకు అలవాటు పడి ఉంటుంది. ఏ ఊళ్లో చెట్టెక్కాల్సి వచ్చినా మనిషి తన మోకు భుజాన వేసుకుని పోతాడు, చెట్టు మాత్రం ఎవరిదైనా కావచ్చు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. దీన్ని నేను నా తెలివికొద్దీ విస్తరించుకున్నాను. బండి ఎవరిదైతేనేం, హ్యాండిల్ నాదుంటే చాలు!

"పాగల్ అయినవా?" అన్నాడు రఫీక్ భాయ్, నేను నా బండి హ్యాండిల్ విప్పమన్నప్పుడు. "టెస్టుకు హ్యాండిల్ పట్టుకపోతరా ఎవలన్న?"

"మోకు పట్టుకపోతలేమా?"

"గట్లయితె గీ వైర్లు గూడ తీస్కపో."

"వైర్లెందుకు భాయ్? నేను పట్టేది హ్యాండిల్‌ను. వైర్లను కాదు."

ఆయన పానా అందుకుని హ్యాండిల్ విప్పడం మొదలుపెట్టాడు. మూర్ఖుడితో వాదించే ఓపిక అందరికీ ఉండదు కదా.

మరునాడు బస్సెక్కాను. అది జగిత్యాల మీదుగా వేములవాడ పోయే బస్సు. సంచిలోంచి హ్యాండిల్ రెండు కొసలూ పైకి పొడుచుకొచ్చాయి. పక్కన రాజన్నకు కోడె మొక్కు తీర్చడానికి పోతున్న ఒక ముసలవ్వ కూర్చుంది. కొమ్ముల వైపు చాలాసేపు చూసింది.

"కోడెనా కొడుకా? సంచిల కుక్కినవేంది, దానికి ఊపిరాడుతదా?"

"కోడె కాదవ్వా, బండి హ్యాండిల్."

"బండేది మరి?"

"ఇంటికాడ ఉన్నది."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు పెండ్లయిందా?"

"అయింది."

"పాపం," అంది అవ్వ మనస్ఫూర్తిగా. "గా పిల్ల పేరు మీద గూడ రాజన్నకు ఒక దండం పెడుత తియ్యి."

గ్రౌండులో షామియానా వేశారు. దాని కింద బల్ల, కుర్చీ, కుర్చీలో కేరళ నుంచి వచ్చిన కంపెనీ సారు. ఆయనకు తెలుగు రాదు, మాకు వచ్చిన హిందీ ఆయనకు నచ్చదు. ఎదురుగా నేల మీద సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీశారు. కాలు కింద పెట్టకుండా ఆ గీత మీద బండి తిప్పాలి. ఏజెంటు నా పేరు మొదటే రాసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలన్నారు.

నా పక్కన నేల మీద ఒక సన్నటి మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు రాజేశం, ఊరు సిరిసిల్ల.

"మరమగ్గం సాంచెల మీద బట్ట నేస్తుంటి అన్నా," అన్నాడు. "మా సేటు సాంచెలన్నీ తుక్కు కింద అమ్ముకున్నడు. బండి గీ మధ్యనే నేర్చుకున్న. నువ్వు చూస్తే మంచిగ తెలిసినోని లెక్కున్నవ్. చెయ్యి ఎట్ల పట్టాలెనే?"

అతని వేళ్లు చూశాను. సన్నగా, పొడవుగా, దీపం వత్తులు చేయడానికి తప్ప పనికిరావన్నట్టు ఉన్నాయి. జాలేసింది. గొంతు సవరించుకున్నాను.

"చూడు తమ్మీ. పాణం పోయినా పట్టు ఇడువద్దు. ఎంత భయమైతే గంత గట్టిగ పట్టాలె. గిదే సూత్రం."

రాజేశం పాఠం అప్పజెప్పే పిల్లాడిలా తలూపాడు. నేను గురువునై కూర్చున్నాను.

సారూ ఏజెంటూ బిర్యానీకి పోయారు. బండి షామియానా పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. నేను సంచి విప్పి పానాలు తీశాను.

"ఏయ్!" అన్నాడు చందుర్తి నుంచి వచ్చిన మల్లేశం. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న రైతు. "అందరి బండి అది. ముట్టకు."

"నాది మొదటి నంబరే అన్నా. నా టెస్టు కాంగనే ఎప్పటి లెక్క పెట్టేస్త."

"పెట్టకపోతివో, నిన్నే దానికి బిగిస్త."

రాజేశం సాయం పట్టాడు. పాత హ్యాండిల్ తీశాం. బ్రేకు, క్లచ్చు, స్విచ్చులు అన్నీ విప్పి నా హ్యాండిల్‌కు ఎక్కించాం. వైర్లు అందాయి. సాగి, బిగుసుకుని, అందీ అందనట్టు అందాయి. రఫీక్ భాయ్ మాట అప్పుడైనా గుర్తొచ్చిందా అని మీరు అడుగుతారు. రాలేదండీ. నేను బోల్టులు బిగించడంలో మునిగి ఉన్నాను. చెట్టెక్కే చేతులతో బిగించాను.

"చాలన్నా," అన్నాడు రాజేశం, "బోల్టు ఏడుస్తున్నది."

"పట్టు గట్టిగుండాలె తమ్మీ," అని ఇంకో చుట్టు తిప్పాను.

సారు తిరిగొచ్చాడు. బండి వైపు చూసి కళ్లు నులుముకున్నాడు. "యే వహీ గాడీ హై క్యా?" అన్నాడు. ఏజెంటు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "వహీ సాబ్" అన్నాడు. బిర్యానీ తిన్న మనిషి అంతకంటే ఏం విచారణ చేస్తాడు? చాయ్ తెప్పించుకుని కూర్చున్నాడు. నేను బండెక్కాను.

మొదట కుడివైపు సున్నా. అబ్బ, ఏం తిప్పానండీ! గీత మీద చక్రం దారం పట్టినట్టు పోయింది. వెనకనుంచి ఎవరో "శభాష్" అన్నారు కూడా. ఆ శభాష్ చెవిలో ఉండగానే ఎడమకు మలిపాను.

వైరు గుంజుకుంది. బండి గుర్రుమని ఒక్కసారి ఎగిరింది. నాకు భయమేసింది. భయమేస్తే నా చేతులేం చేస్తాయో మీకు చెప్పే ఉన్నాను. గట్టిగా హత్తుకున్నాయి. హత్తుకున్నకొద్దీ కుడి పిడికిలి ఇంకాస్త తిరిగింది, రేస్ ఇంకా పెరిగింది. చేతులు బిగుసుకుపోయాయి కనుక హ్యాండిల్ మళ్లీ కుడికి రానంది. అదే ఎడమ సున్నా చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు. ఇంకో చుట్టు. మరో చుట్టు.

"ఎనిమిది కొట్టుమంటే సున్న కొడుతున్నడేందిరా!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"అన్నా, చెయ్యి ఇడువు!" రాజేశం అరిచాడు. "జర లూజు చెయ్యి!"

లూజు ఎలా చేస్తాను? పాణం పోయినా పట్టు ఇడువద్దని అతనికి చెప్పింది నేనే కదా. ఏ చుట్టులోనో చక్రం రాయి ఎక్కింది, బండి గీత తెంచుకుని సూటిగా షామియానా వైపు దూసుకెళ్లింది. ఎదురుగా షామియానా గుంజ కనిపించింది. నిలువుగా, గుండ్రంగా, నున్నగా. ఇక నా చేతులు నన్ను అడగలేదు. బండిని వదిలేసి గుంజను కావలించుకున్నాయి. బండి తన దారిన తాను పోయి బల్ల కింద పడుకుంది. గుంజ ఒరిగింది. షామియానా సావకాశంగా, పెళ్లికూతురి ముసుగులా, సారు మీదా చాయ్ మీదా ఏజెంటు రెండు ఫోన్ల మీదా దిగింది.

ముసుగు తొలగించుకుని సారు బయటికొచ్చేసరికి నేను నేల మీద పడి ఉన్నాను, గుంజ నా కౌగిట్లో ఉంది.

"ఛోడో!" అన్నాడు చాయ్ కారుతున్న సారు.

"క్యా సాబ్?"

"ఖంబా! ఖంబా ఛోడో!"

ఇక్కడితో అయిపోతే నా ఒక్కడి పరువుతో పోయేది. సారు పాత హ్యాండిల్ బిగించమన్నాడు. పానా వేశాను, జారింది. మల్లేశం వేశాడు, జారింది. నేను బిగించిన బిగింపుకు బోల్టుల తలలు గుండ్రంగా అరిగిపోయాయి. సారుకు సాయంత్రం ఇంకో ఊళ్లో టెస్టు ఉందట. గడియారం చూసుకున్నాడు. "ఇసీ పే కరో," అన్నాడు. అంటే మిగిలినవాళ్లంతా నా కౌగిలింత హ్యాండిల్ మీదే, ఆ గుంజుకుపోయే వైర్లతోనే టెస్టు ఇవ్వాలన్నమాట.

ఒక్కొక్కరే ఎక్కారు, ఒక్కొక్కరే పడ్డారు. కొందరు ఎక్కకుండానే దండం పెట్టి వెళ్లిపోయారు. మల్లేశం మోకాలు చెక్కుకుపోయి కుంటుతూ నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"నీ చేతుల సుఖం కోసం మా అందరి నోట్ల మన్ను కొట్టినవ్ గదరా," అన్నాడు నెమ్మదిగా. "నేను ఇంటికి పోయి ఏమని చెప్పాలె?"

కొట్టినా బాగుండేది. అప్పటిదాకా నా నౌకరి పోయిందనే ఏడుస్తున్నాను. వాళ్ల నౌకరీలూ నేనే తీశానని అప్పుడు తెలిసింది.

చివరికి రాజేశం ఎక్కాడు. నేను కళ్లు మూసుకున్నాను. అరుపులు వినపడలేదు. కళ్లు తెరిచాను. అతను ఎడమకు మలుపుతున్నాడు. బండి గుర్రుమంది. అతని రెండు వేళ్లు క్లచ్చును సుతారంగా లోపలికి లాగాయి. బండి బుసకొట్టింది కానీ ముందుకు దూకలేదు. సున్నా దాటగానే వేళ్లు వదిలాయి. మొత్తం ఎనిమిది తిరిగి వచ్చి, సారు ముందు ఆపి, కాలు దించాడు. అందరిలో ఆ నౌకరి అతనొక్కడికే దక్కింది.

నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అన్నా, నువ్వు లేకుంటే నేను పాసు కాకపోతుంటి."

"నేను చెప్పినట్టే పట్టినవా?" అన్నాను, ఉన్న కాస్త పరువూ కూడదీసుకుని.

"లేదే. నువ్వు చెప్పినదానికి ఉల్టా పట్టిన," అన్నాడు ఎంతో వినయంగా. "పోగు తెగకుండ పట్టుడు మాకు అలవాటే గదా. గట్టిగ పడితె తెగుతది. నువ్వు పడ్డది చూసినంక మస్తు ధైర్యమొచ్చింది."

కోరుట్లలో రఫీక్ భాయ్ కొట్టు ముందు నా బండి తల లేని మొండెంలా నిలబడి ఉంది. నేను ఖాళీ సంచితో దిగాను.

"హ్యాండిల్ ఏదిరా?"

"జగిత్యాలల ఉన్నది భాయ్."

"నౌకరి?"

"సిరిసిల్లల ఉన్నది."

"మరి నువ్వెందుకచ్చినవ్?" అన్నాడు రఫీక్ భాయ్.

పద్మకు అంతా చెప్పాను. ఆమె మొదట నవ్వింది. చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. తర్వాత మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కంటే ఆ కత్తెర చప్పుడు నన్ను ఎక్కువ కాల్చింది.

చివరికి ఏ వీసాకు భయపడ్డానో అదే వచ్చింది. దుబాయిలో ఒక భవనం కట్టేచోట పనికి కుదిరాను. మొదటి రోజే సూపర్‌వైజరు నా బండి చూపించాడు. ముందు ఒకటే చక్రం, మధ్యలో తొట్టి నిండా తడి కాంక్రీటు, వెనక రెండు హ్యాండిళ్లు. వాటిని కాస్త దగ్గరికి వంచుకోవచ్చా అని అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఒకరోజు మధ్యాహ్నం ఇంజనీరుకు అన్నం పొట్లం తీసుకుని ఒక రైడరు వచ్చాడు. హెల్మెట్ తీశాడు. రాజేశం! నన్ను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. అసూయతో నా కడుపు మండిందని అబద్ధం లేకుండా చెబుతున్నాను. అతను మాత్రం సొంత అన్నను చూసినట్టు నా భుజం పట్టుకున్నాడు, ఊరి ముచ్చట్లన్నీ అడిగాడు. పోతూ పోతూ ఆగాడు.

"అన్నా, ఒక్క పని చేసిపెడుతవా? కంపెనీ బండి హ్యాండిల్ జర దూరముంటది. పొద్దంత తోలితే భుజాలు గుంజుతున్నయి. నీ దగ్గర పానా ఉన్నట్టున్నది, నీకు పని తెలుసు. జర నా దిక్కు వంచుతవా?"

పానా నా జేబులోనే ఉంది. బోల్టులు కళ్ల ముందే మెరుస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, నా చేతులు దురద పెట్టాయి.

"రాజేశం," అన్నాను. "నెల నెలా ఇంటికి పంపుతున్నవా?"

"పంపుతున్ననే."

"పిల్లలు బడికి పోతున్నరా?"

"పోతున్నరు."

"అయితే భుజాలకు జండూబామ్ రాసుకో," అని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, పైన సూర్యుడూ కింద కాంక్రీటూ సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఈ జన్మలో ఇంకొకరి కూడు మోసే బండి మీద పానా పెట్టను, పెట్టనివ్వను, పెట్టమని ఎవరైనా బతిమాలినా చేతులు ముందుకు తేను. ఆ రోజు రాజేశం బండి గేటు దాటేదాకా నేను చేతులు ముందుకు తేలేదు. ఈలోగా నా తొట్టిలో కాంక్రీటు గట్టిపడింది. దానికి సూపర్‌వైజరు తిట్టిన తిట్లు వేరే.